మూడో పాతర

నాంచారి ఎడమచేత్తో మొలకమూట పట్టుకుని, కుడిచేత్తో దాని మీద నీళ్ళు చిలకరిస్తోంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. గుడ్డ ఆరిపోకూడదు, అలాగని నీళ్ళు కారకూడదు. నాలుగు రోజులుగా ఇదే పని. మూటలో వంద వడ్లు ఉన్నాయి.

ఈ పని ఏ రాజశాసనంలోనూ లేదు. నాంచారి వాళ్ళమ్మ చేసేది. ఆమెకు వాళ్ళత్త నేర్పింది. విత్తనాలు పంచే రోజుకు ముందు పాతర పైనుంచి గుప్పెడు వడ్లు తెచ్చి, వంద లెక్కపెట్టి, తడిగుడ్డలో కట్టి, వెచ్చటి గడ్డిబుట్టలో దాచాలి. నాలుగో రోజు విప్పి చూడాలి. తొంభై మొలిస్తే నిశ్చింతగా ఉండొచ్చు. డెబ్బై మొలిస్తే కాస్త ఒత్తుగా చల్లుకోమని రైతులకు చెప్పాలి. అంతకంటే తక్కువ ఏనాడూ రాలేదు. అందుకని అప్పుడేం చెయ్యాలో అమ్మ చెప్పకుండానే పోయింది.

నాంచారి మూట విప్పింది. వంద వడ్లూ నల్లగా నిగనిగలాడుతూ, పట్టుబట్టలు కట్టుకుని పెళ్ళికి వచ్చిన చుట్టాల్లా కూర్చుని ఉన్నాయి. ఒక్కటి కూడా మొలవలేదు.

ఆమె రెండోసారి చూసింది. రెండోసారి చూసినా లెక్క మారలేదు.

మూట కట్టగా మిగిలిన పొడి వడ్లలోంచి ఒకటి తీసి, పొట్టు ఒలిచి, పంటితో కొరికింది. పచ్చి గింజ అయితే లోపల సున్నంలా తెల్లగా ఉంటుంది, పొడిపొడిగా విరుగుతుంది. ఇది గాజుపూసలా మెరుస్తూ కటుక్కున రెండు ముక్కలైంది. ఇలాంటి గింజ నాంచారికి కొత్త కాదు. ఇంట్లో గంజి కాచేది దీనితోనే. వడ్లు ఉడకబెట్టి ఎండబెట్టి దంచిన ఉప్పుడు బియ్యం.

అరుగు మీద ఆమె తండ్రి అక్కులప్ప కాళ్ళు చాపుకుని మోకాళ్ళకు ఆముదం రాసుకుంటున్నాడు. నలభై ఏళ్ళుగా ఆయనే మూడో పాతరకు కాపు.

"నాయనా, విత్తనాలు ఉడికిపోయినాయి," అంది నాంచారి.

"మూట ఎండలో పెట్టావేమో."

"ఎండలో పెడితే ఎండుతాయి. ఉడకవు."

అక్కులప్ప ఒక గింజ అడిగి తీసుకుని కొరికాడు. చాలాసేపు నమిలాడు. తర్వాత రెండో మోకాలికి ఆముదం రాయడం మర్చిపోయాడు.

కంకిగిరి రాజ్యంలో మూడు పాతరలు ఉన్నాయి. కొండరాతిని నిలువునా తొలిచి, గోడలకు ఎర్రమట్టి మెత్తి, అడుగున గడ్డి పరిచి, వడ్లు పోసి, పైన మూతబండ పెట్టే లోతైన గోతులవి. కరువొచ్చిన మొదటి ఏడు మొదటి పాతర తింటారు. రెండో ఏడు రెండోది తింటారు. మూడోది తినరు. అందులో ఉన్నవి నల్లకంకి వడ్లు. ఒక్క వానకు మొలిచి, మరో వాన పడేదాకా ఓపిక పట్టే విత్తనం ఆ దేశాల్లో అదొక్కటే. ఆకలితో కళ్ళు తిరుగుతున్నా మూడో పాతర ముట్టకూడదన్నది తాతలనాటి కట్టుబాటు. ఇప్పుడు కరువుకు మూడో ఏడు నడుస్తోంది. మొదటి పాతర ఖాళీ. రెండోదాని అడుగు ఊడ్చి జనం గంజి కాచుకుంటున్నారు. ఇంక పదకొండు రోజుల్లో ఆరుద్ర కార్తె. ఆ రోజు మహారాజు ప్రతాపభానుడు స్వయంగా మూడో పాతర తెరిచి రైతులకు విత్తనాలు పంచుతాడు.

ఆ పాతరకున్న కాపలా గురించి పరదేశాల్లో కథలు చెప్పుకునేవారు. చుట్టూ ఏడు ప్రాకారాలు. మొదటి ద్వారం ఇనుము, రెండోది రాగి, మూడోది కంచు, అలా పైకి పోగా ఏడోది మంచిగంధపు చెక్క. తలుపుల నిండా వరికంకులు నోట కరచుకున్న హంసలు, వాటి కళ్ళలో కెంపులు. ప్రాకారం మీద నాలుగు వందల మంది భటులు బల్లేలు పట్టుకుని నిలబడతారు. ధాన్యం కంట పడితే మనసు చెదురుతుందని వాళ్ళందరినీ పాతరకు వీపు చేసి నిలబెట్టారు. ఎలుకల కోసం పద్దెనిమిది పిల్లులు ఉన్నాయి, వాటికి కోట నుంచి రోజూ పాలు వస్తాయి. కందకంలో మొసళ్ళు ఉండేవి. నీళ్ళు ఎండిపోయాక వాటిని చింతచెట్టు నీడన కట్టేశారు.

వీళ్ళు కాక పన్నెండు మంది రుచిగాళ్ళు. రోజూ తెల్లవారగానే పాతర పైనుంచి వడ్లు తీసి, దంచి, వండుకుని, కడుపునిండా తిని, విషం లేదని చెబుతారు. తినకూడని ధాన్యాన్ని రోజూ తినే హక్కు రాజ్యంలో వాళ్ళకు మాత్రమే ఉంది. అన్నం బాగుందనే చెబుతూ వచ్చారు. నిజంగానే బాగుంది. విషం ఉందో లేదో చూడటానికి పన్నెండు మంది ఉన్నారు గాని, గింజకు ప్రాణం ఉందో లేదో చూడటానికి ఎవరూ లేరు.

సంగతి ఎక్కడ చెడిందో నాంచారికి ఇప్పుడు అర్థమైంది. రెండు నెలల కిందట పాతరలో పెంకుపురుగు కనిపించింది. మూడో రోజుకల్లా ఒక స్వామి వచ్చాడు. చెవులు కప్పుతూ పెద్ద తలపాగా చుట్టుకుని, మనిషి మాత్రం చాలా మర్యాదగా ఉన్నాడు. పురుగు పోవడానికి ఆవిరిపూజ చెయ్యాలన్నాడు. దక్షిణగా ఏడు బస్తాల నల్లకంకి వడ్లు అడిగాడు. పూజ అయ్యాక ఇస్తామన్నారు మంత్రులు. పూజకు ముందే కావాలన్నాడు స్వామి. ఇచ్చారు. బంగారం అడగనందుకు అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు.

నలభై గుండిగల్లో నీళ్ళు కాచారు. మట్టి గొట్టాలు చేయించి పాతర గోడల గుండా లోపలికి దించారు. మూడు రోజులు ఆవిరి పట్టారు. తర్వాత స్వామి గొట్టాలకు నోరు పెట్టి మూడు రోజులు ఊపిరి తీసుకోకుండా ఊదితే వేసవి గాడ్పు లాంటి గాలి పుట్టి వడ్లన్నీ ఎండిపోయాయి. అది మాత్రం మంత్రమే. జనం చేతులు జోడించుకుని చూశారు. పురుగులు నిజంగానే చచ్చాయి. రాజుగారు జరీ శాలువా కప్పి పంపారు.

వడ్లు ఉడకబెడితే మొలవవని కంకిగిరిలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. కాని ఉడకబెడుతున్నామని అక్కడ ఎవరూ అనలేదు. పూజ అన్నారు.

"ఇవి పైన వడ్లు," అన్నాడు అక్కులప్ప చివరికి. "అడుగుదాకా ఆవిరి దిగిందో లేదో. అడుగు గుప్పెడు చూస్తే గాని చెప్పలేం. నా మోకాళ్ళు దిగవు."

"నేను దిగుతా."

"దీపం ఆరితే దిగమాక."

"తెలుసు నాయనా."

పాతర నోటి దగ్గరికి నాంచారి వెళ్ళేసరికి పొద్దు నడినెత్తికి వస్తోంది. పొద్దున రుచిగాళ్ళు తెరిచిన మూతబండ ఇంకా పక్కకు జరిపే ఉంది. భటులు వీపులు చూపిస్తూ నిలబడ్డారు. పిల్లులు నిద్రపోతున్నాయి. రుచిగాళ్ళు పదకొండు మంది కూడా నిద్రపోతున్నారు. పన్నెండోవాడు పోలయ్య మాత్రం గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మూడు నెలల కిందట కొత్తగా చేరాడు. పక్కన స్వామి వదిలిపెట్టి వెళ్ళిన శిష్యుడు మృదుగంధుడు కళ్ళు మూసుకుని ధూపం వేస్తున్నాడు. విత్తనాలు పంచేదాకా ధూపం ఆరకూడదని స్వామి చెప్పిపోయాడు.

"పోలయ్యా, మోకు పట్టుకుంటావా?" అంది నాంచారి.

"పట్టుకుంటాను. ఎందుకు?"

"నేను కిందికి దిగాలి. వదిలేస్తే పైకి రాను."

పోలయ్య లేచి మోకు భుజానికి చుట్టుకున్నాడు. మృదుగంధుడు ఒక కన్ను తెరిచాడు.

"పూజ జరిగిన చోట అడుగు పెట్టకూడదమ్మా," అన్నాడు తేనె పూసినట్టు. "కళ్ళు పోతాయి."

"చీకట్లో కళ్ళతో పనేముంది స్వామీ," అని నాంచారి ముందు ఉట్టిలో దీపం పెట్టి లోపలికి దించింది.

రెండు నిలువుల లోతుకు వెళ్ళేసరికి దీపం ఆరిపోయింది. అంటే లోపల చెడుగాలి నిండి ఉంది. అందులోకి దిగినవాడు కేక కూడా వెయ్యకుండా పడిపోతాడు. నాంచారి వేపకొమ్మలు మోపుగా కట్టి తాడుతో పాతరలోకి దించి, చేద తోడినట్టు పైకీ కిందికీ లాగడం మొదలుపెట్టింది. అలా లాగితే చెడుగాలి కదిలి బయటికి పోతుంది. రెండు వందలసార్లు లాగి మళ్ళీ దీపం దించింది. ఈసారి వడ్లదాకా వెళ్ళినా వెలుగుతూనే ఉంది.

నడుముకు మోకు కట్టుకుని దిగింది.

లోపల మరో లోకంలా ఉంది. ఎర్రమట్టి గోడలు దీపం వెలుగుకు రాగి పలకల్లా మెరుస్తున్నాయి. గోడల నిండా ఎప్పటి కాపుల భార్యలో వేలితో గీసిన ముగ్గులు, కంకులు, చేపలు, సూర్యుడు, చంద్రుడు. నడుమ నల్లటి వడ్లు సముద్రంలా అలలు దిద్దుకుని పడుకుని ఉన్నాయి. ముగ్గుల మధ్య అక్కడక్కడా స్వామి దించిన మట్టి గొట్టాల నోళ్ళు పొడుచుకు వచ్చి ఉన్నాయి.

అడుగు వడ్లు తీయడానికి బోలు వెదురు ఒకటి ఉంది. చివర ఏటవాలుగా చెక్కి ఉంటుంది. నాంచారి దాన్ని నిలువునా గుచ్చి, తిప్పి, లాగింది. అడుగు వడ్లు గుప్పెడు వచ్చాయి. ఒకటి కొరికింది. గాజుపూస. రెండోది కొరికింది. గాజుపూస. పదో గింజ కొరుకుతుండగా తల మీద మూతబండ దబ్బున పడి పాతర మూసుకుపోయింది. మోకు నడిమికి తెగి ఆమె భుజం మీద పడింది.

దీపం రెప్ప కొట్టడం మొదలుపెట్టింది.

నాంచారి అరవలేదు. అరిస్తే ఉన్న ఊపిరి కాస్తా అయిపోతుంది. వడ్ల మీద పాకుతూ గోడ దగ్గరికి వెళ్ళి, దగ్గరున్న మట్టి గొట్టానికి నోరు ఆనించింది. గొట్టం రెండో చివర బయట ఉంది. పల్చగా, మసివాసనతో గాలి వచ్చింది. దీపం ఆరిపోయింది. స్వామి గింజలను చంపడానికి పెట్టిన గొట్టం నుంచి నాంచారి ఊపిరి పీల్చుకుంటూ, గుప్పిట్లో వడ్లు పడిపోకుండా చీర కొంగున కట్టుకుంది.

పైన జరిగినది ఇది. నాంచారి వెదురు గుచ్చిన చప్పుడు వినగానే మృదుగంధుడు ధూపం పక్కన పెట్టి లేచి, మొలలోంచి కొడవలి తీసి మోకు కోశాడు. బిగువు ఒక్కసారిగా పోయేసరికి పోలయ్య వెల్లకిలా పడ్డాడు. నలుగురు తోస్తే గాని కదలని మూతబండను శిష్యుడు చిటికెనవేలితో లాగి మూసేశాడు.

"నాయనా, నువ్వేమీ చూడలేదు," అన్నాడు పోలయ్యతో.

"చూశాను," అన్నాడు పోలయ్య.

శిష్యుడు కొడవలి విసిరాడు. పోలయ్య తల వంచాడు. కొడవలి గంధపు ద్వారం మీది హంస మెడలో దిగబడింది. పోలయ్య పక్కనున్న గంజికుండ ఎత్తి శిష్యుడి తల మీద బోర్లించాడు. శిష్యుడు కుండతోనే గిర్రున తిరిగి రోకలి దొరకబుచ్చుకున్నాడు. పోలయ్య గోడ ఎక్కాడు. రోకలి గోడను తాకి గోడ కూలింది. పోలయ్య మూతబండ మీదికి దూకాడు. రోకలి మళ్ళీ లేచింది. చివరి క్షణంలో పోలయ్య పక్కకు తప్పుకున్నాడు. రోకలి దెబ్బకు బండ రెండుగా చీలి, ముక్కలు చెరోవైపు ఒరిగాయి.

అప్పటికి పోలయ్య చేతికి బల్లెం దొరికింది. శిష్యుడు దాన్ని చూసి, ఒక మంత్రం గొణిగి, పందికొక్కుగా మారి, కుండపెంకుల మధ్య నుంచి పరుగు తీశాడు. పద్దెనిమిది పిల్లులూ కళ్ళు తెరిచి, దాని ఒడ్డూ పొడుగూ చూసి, మళ్ళీ మూసుకున్నాయి. భటులు ఎవరూ వెనక్కి తిరగలేదు. తిరగకూడదని ఆజ్ఞ.

పోలయ్య పాతరలోకి తాడు వేశాడు. నాంచారి మసిమూతితో పైకి వచ్చి, ముందు కొంగుముడి తడిమి చూసుకుంది.

ఇంటికి వచ్చాక ఆమె తండ్రికీ పోలయ్యకూ చెరో ముంత గంజి పోసి, కొంగుముడి విప్పి వడ్లు చాటలో పోసింది.

"అడుగు కూడా పోయింది," అంది.

అక్కులప్ప వాటిని కొరకలేదు. చూస్తూ కూర్చున్నాడు.

"నేను పోలయ్యను కాదు," అన్నాడు పోలయ్య.

"తెలుసు," అంది నాంచారి.

"యువరాజు మణికేతువును. కరువులో రుచిగాళ్ళు ఎందుకు లావెక్కుతున్నారో కనిపెట్టమని నాన్నగారు పంపారు."

"తెలుసు బాబూ. చెప్పులు లేకుండా తిరిగే మనిషి మడమలు వెన్నముద్దల్లా ఉండవు. గంజి చల్లారుతుంది, తాగండి," అన్నాడు అక్కులప్ప. "మరి లావు ఎందుకో తెలిసిందా?"

"తినడం వల్ల," అన్నాడు మణికేతు, గంజి తాగి. "ఆ పందికొక్కును చూశాక స్వామి ఎవరో కూడా తెలిసింది. శిష్యుల్ని పందికొక్కులుగా మార్చేవాడు ఒక్కడే. పక్క రాజ్యం ఉక్కుదుర్గంలో ఉండే మాంత్రికుడు శూర్పకర్ణుడు. చెవులు చేటలంత ఉంటాయి, అందుకే ఆ తలపాగా. వాళ్ళ సైన్యం సరిహద్దులో ఊరికే కూర్చుని ఉందని నెల నుంచీ వేగులు చెబుతున్నారు. మన పొలాలు మొలవకపోతే జనం మూటలు కట్టుకుని పోతారు. అప్పుడు యుద్ధం చెయ్యకుండానే లోపలికి నడిచొస్తారు."

"ముందు దక్షిణ తీసుకున్నాడు," అంది నాంచారి. "ఏడు బస్తాలు. ఆవిరి పట్టకముందే. ప్రాణమున్న నల్లకంకి ఇంక అక్కడే ఉంది."

"ఏడు బస్తాలు దేశానికంతటికీ వస్తాయా?"

"రావు. ఈ ఏడు ఒక్క పరగణాలో చల్లితే వచ్చే ఏడుకు దేశమంతా వస్తాయి. అందాకా ఈ ఉడికినవి తినొచ్చు. అన్నం బాగుందని మీరే అన్నారు కదా."

మణికేతు కాస్త తల దించుకున్నాడు. "ఉక్కుదుర్గం మనిషి నడకకు ఐదు రోజుల దారి. పందికొక్కు ముందే చేరి చెప్పేస్తే బస్తాలు కూడా ఉడికిస్తారు."

"పందికొక్కు పగలు నడవదు. ఏదో బొక్కలో దూరి ఉంటుంది. ఇప్పుడు బయలుదేరితే దాటేస్తాం," అంది నాంచారి. "పోను ఐదు, రాను బస్తాలతో ఎనిమిది. అక్కడ వాటిని తీయడానికి ఎన్నో. ఆరుద్ర మొదటి రోజుకు ఎలా చూసినా రాలేం. ఆ రోజు రాజుగారు చచ్చిన విత్తనాలు పంచేస్తారు. ఒక్క వాన కోసం కాచుకున్న రైతులు వాటిని చల్లి, మొలకల కోసం చూస్తూ కూర్చుంటారు. తినడానికి కూడా మిగలవు."

"నాన్నగారితో చెబితే?"

ప్రతాపభాను మహారాజు ప్రజల దగ్గర ఏదీ దాచనని పట్టాభిషేకం నాడు ఒట్టు వేశాడు. విన్నది విన్నట్టు మధ్యాహ్నానికల్లా చాటింపు వేయిస్తాడు. కిందటేడు తనకు పన్ను నొప్పి చేస్తే అదీ వేయించాడు.

"సాయంత్రానికి సరిహద్దు దాటుతుంది ఆ మాట," అని మణికేతు తనే ఒప్పుకున్నాడు.

"మరి పాతర తెరవకుండా ఆపే దారి?" అంది నాంచారి.

"ఒకటే ఉంది. శాసనం గురువుగారు బెత్తం పట్టుకుని నేర్పించారు. 'పాతరకాపు దొంగతనం చేసినట్టు తేలిన దినము మొదలు ఇరవైయొక్క దినములు విచారణ. విచారణ ముగియుదాక పాతర తెరవరాదు.'"

"ఇరవైయొక్క రోజులంటే ఆరుద్ర చివరికొస్తుంది," అన్నాడు అక్కులప్ప మెల్లిగా. "ఆరుద్ర చివర చల్లినా నల్లకంకి పండుతుంది."

"విచారణ అయ్యాక?" అంది నాంచారి.

"కాపును అదే పాతరలోకి దించి మూత పెడతారు," అన్నాడు మణికేతు. "ఆ ముక్క కూడా బెత్తంతోనే నేర్పించారు. కాని అది జరిగే పని కాదు. ఈయన మీద దొంగతనమంటే ఎవరు నమ్ముతారు? పట్టుబడిన ధాన్యం ఉండాలి, ఒప్పుకోలు ఉండాలి."

అది నిజం. నలభై ఏళ్ళలో అక్కులప్ప పాతర దగ్గర నుంచి కదిలేముందు పంచె కుచ్చిళ్ళు విప్పి దులపని రోజు లేదు. అరికాలికి అంటుకున్న గింజను కూడా వెనక్కి వెళ్ళి వేసి వచ్చేవాడు. ఈ కరువు రెండో ఏట నాంచారి వాళ్ళమ్మ జ్వరంలో గుప్పెడు అన్నం అడిగినప్పుడు గంజే పోశాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. వీధిలో ఆయన ఎదురైతే రైతులు తలగుడ్డ తీసి పక్కకు తప్పుకునేవారు. ఆయనకున్న ఆస్తి అంతవరకే.

"గాడిదలు కావాలి," అంటోంది నాంచారి. "గుర్రాలైతే అందరూ చూస్తారు. ఉప్పు అమ్ముకునేవాళ్ళ వేషం వేద్దాం. మీ మడమలకు బూడిద రాసి..."

అక్కులప్ప మిగిలిన గంజి తాగాడు. ముంత కడిగి గోడవార బోర్లించాడు. చాటలో ఉన్న గుప్పెడు వడ్లనూ ఒక్కొక్కటే ఏరి, కండువా చెంగున పోసి, గట్టిగా ముడివేశాడు. ముడి లోపలికి దోపుకోలేదు. అందరికీ కనిపించేలా భుజం ముందుకు వేసుకున్నాడు. మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

మణికేతు లేచి ఆయనకు దారి ఇచ్చాడు.

అక్కులప్ప గడప దాటాడు. పొలం దారి వదిలి కోట దారి పట్టాడు. కుంటుతున్న మనిషి కాబట్టి వీధి చివరిదాకా వెళ్ళడానికి చాలాసేపు పట్టింది. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. నాంచారి పిలవలేదు. పిలిస్తే ఆగుతాడని ఆమెకు తెలుసు.